వగైరాలో డాబా ఉందా?

నేను ఐదేళ్లపాటు ఒక ఫ్లాట్ల సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. ఆ ఫ్లాట్లు హైదరాబాదులో, మెహదీపట్నం దాటి లోపలికి పోతే వచ్చే ఒక సందులో ఉన్నాయి. సమావేశాలు మాత్రం ఒమాన్‌లో, మత్రా బజారులోని ఒక దర్జీ దుకాణంలో, బట్టల తానుల మీద కూర్చుని జరిగేవి. కార్యదర్శిని అయిన రోజుకు నేను ఆ బిల్డింగును ఒక్కసారి కూడా చూసి ఎరగను.

ఇందులో వింతేమీ లేదు. ఎనభైల చివర్లో హైదరాబాదు నుంచి ఒక బిల్డర్ మస్కట్ వచ్చాడు. తెలిసినవాళ్ల ఇంట్లో దిగి, శుక్రవారం సెలవు చూసుకుని మావాళ్లందరినీ పిలిపించి, చాప మీద ఒక రంగుల బొమ్మ పరిచాడు. మూడంతస్తుల తెల్లని బిల్డింగు, ముందు ఎర్ర కారు, పక్కన పచ్చగడ్డి, ఆ గడ్డి మీద ఒక దొరసాని, ఆమె చేతిలో గొలుసు, గొలుసు చివర బొచ్చుకుక్క. అంతస్తుకు రెండు చొప్పున ఆరు ఫ్లాట్లు. అందులో నాలుగు ఒమాన్‌లో ఉన్న మేమే కొన్నాం. రిజిస్ట్రేషన్ పవరాఫటార్నీల మీద జరిగిపోయింది. తర్వాత సెలవుకు వెళ్లినప్పుడు కూడా నేను నిజామాబాద్ దగ్గర మా ఊరికి పోయి, అటునుంచి అటే వచ్చేశాను. కిరాయిదారు కిరాయి సరిగ్గా కడుతుంటే ఇల్లు చూడాలన్న తొందర మనిషికి ఉండదు.

మేం నలుగురం ఎవరెవరమో చెప్పాలి. పై అంతస్తులో ఒక ఫ్లాటు దర్జీ భాయ్‌ది. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, మత్రాలో ఒమానీలు వేసుకునే పొడుగు అంగీలు, దిశ్‌దాషాలు కుట్టేవాడు. ఆయన భార్యా పిల్లలు ఆ ఫ్లాటులోనే ఉండేవాళ్లు. కింది అంతస్తులో ఒకటి షినాస్ అన్నది. కడప జిల్లా ఆయన, సముద్రం ఒడ్డున షినాస్‌లో ఒక కిరాణా కొట్టు నడిపేవాడు. ఆయన ఫ్లాటులో ఆయన అక్క, పిల్లల చదువుల కోసం వచ్చి ఉండేది. మధ్య అంతస్తులో రెండూ మావే. ఒకటి నాది, ఇంకొకటి ఒక ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే గుంటూరావిడది. ఆమెను అందరం సిస్టర్ అనేవాళ్లం. నాది రుసైల్ ఫ్యాక్టరీలో టైపిస్టు ఉద్యోగం. టైపు మిషన్ అందుబాటులో ఉన్నవాడు కాబట్టి కార్యదర్శి అన్నారు. అధ్యక్షుడు ఎవరో మాత్రం తేల్చలేదు.

మిగిలిన రెండు ఫ్లాట్లలో, కిందిది ఒక రిటైరైన తెలుగు మాస్టారు కొనుక్కుని అందులోనే కాపురం ఉన్నారు. పైనున్న ఆరోది బిల్డర్ తన దగ్గరే పెట్టుకుని తాళం వేశాడు. ఆ తాళం గురించి మాస్టారు రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఒక వాక్యం ఉండేది.

మొదటి గొడవ మాస్టారి ఉత్తరంతోనే మొదలైంది. మా కంపెనీ పోస్టు బాక్సు నంబరుకు వచ్చింది. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉండేది, భాష ఇంకా ముత్యాల్లా ఉండేది. "డాబాపై పగుళ్లు ఏర్పడినవి. వర్షము కురిసినప్పుడు పై అంతస్తు నందలి దర్జీ గారి గృహములో జలము స్రవించుచున్నది. మరమ్మతు అత్యవసరము. ఇది యజమానులందరి బాధ్యత యని నా మనవి" అని రాశారు.

షినాస్ అన్న నెలకొకసారి కొట్టుకు సరుకులు తీసుకోవడానికి గురువారం మత్రా వచ్చి, శుక్రవారం సాయంత్రం పికప్పులో తిరిగి పోయేవాడు. కాబట్టి మా సమావేశం ఆ శుక్రవారం, దర్జీ దుకాణం షట్టరు సగం దించి పెట్టుకుని జరిగేది. ఆ రోజు నేను ఉత్తరం పైకి చదివాను. చదవడం పూర్తికాకముందే షినాస్ అన్న తాను తెచ్చిన నిమ్మకాయల సంచిని అందరి మధ్యా పెట్టి, అసలు విషయం తనకు సంబంధించింది కాదన్నట్టు, "ఒక్కొక్కరు ఇన్ని తీసుకోండప్పా, తాజావి" అన్నాడు.

"నిమ్మకాయలు తర్వాత చూద్దాం అన్నా, డాబా సంగతి చెప్పు" అన్నాను.

"మిద్దె సంగతి నన్ను అడుగుతావేందప్పా? నాది కింది ఇల్లు. నా నెత్తిన రెండిండ్లు ఉండాయి. వాన ఆయప్ప నెత్తిన పడితే గొడుగు నేను కొనాల్నా?"

దర్జీ భాయ్ మెడలో కొలత టేపు సర్దుకున్నాడు. కోపం వచ్చినప్పుడు ఆయన చెయ్యి ముందు ఆ టేపు మీదికే పోయేది.

"అరె భాయ్, నేను షర్ట్ కుడ్తా. కాలర్ పైన ఉంటది, అంచు కింద ఉంటది. కాలర్ చినిగితే అంచు ఏమంటదీ, నాకేం సంబంధం లేదు అంటదా? మొత్తం షర్టే ఖరాబ్. నా కాడ ఉన్నది సీలింగ్. దాని పైన ఉన్నది అందరిది."

"షర్టు ఒక మనిషిది భాయ్. ఇది ఆరుమందిది."

సిస్టర్ అప్పటిదాకా నిమ్మకాయలు ఎంచుకుంటోంది. తలెత్తకుండానే, "కాగితంలో ఏముందో చూస్తే సరిపోతుంది కదండీ. కొన్నప్పుడు రాసుకున్నాంగా" అంది.

ఆ మాట వినగానే మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సంతకాలు పెట్టినవాళ్లం గానీ, దాన్ని చదివినవాళ్లం కాదు. మరుసటి నెల సమావేశానికి నేను ఆ ఒప్పందపత్రం జిరాక్సు తీసుకొచ్చాను. నాలుగో పేజీలో దొరికింది. "మెట్లు, ప్రహరీగోడ, గేటు, సంపు, మోటారు, వగైరా ఉమ్మడి వసతుల మరమ్మతు ఖర్చులను యజమానులందరూ సమానంగా భరించవలెను."

డాబా అన్న మాట లేదు. రెండుసార్లు చదివినా లేదు.

"చూస్తివా!" అన్నాడు షినాస్ అన్న, తాను పేకాటలో గెలిచినట్టు తొడ చరిచి.

"వగైరా ఉంది కదా అన్నా" అన్నాను.

"వగైరాలో మిద్దె యాడ పడతాదప్పా? వగైరా అంటే చిల్లర సామాను. బల్బు, తాళం, చీపురు. అంత పెద్ద మిద్దెను తీస్కపోయి వగైరాలో దూరుస్తావా?"

"పెద్దది కాబట్టే రాయలే. అందరికీ ఎర్కే గదా అని" అన్నాడు దర్జీ భాయ్.

"గేటు మాత్రం తెలీదనా రాసినారు?"

ఆ పూటంతా వగైరా మీదే నడిచింది. నేను బతుకులో ఎన్నో కాగితాలు టైపు చేశాను, వందలసార్లు వగైరా కొట్టి ఉంటాను. అందులో ఏముంటుందో ఎన్నడూ ఆలోచించలేదు. చివరికి సిస్టరే ఇంకో దారి తీసింది.

"అన్నయ్య గారూ, మీ అక్కగారి కుళాయిలో నీళ్లు ఎక్కడినుంచి వస్తాయండీ?"

"సంపులోంచి."

"సంపులోంచి మోటారు పైకి తోస్తే, డాబా మీద ట్యాంకులో పడి, అక్కణ్నుంచి కిందికి వస్తాయి. డాబా లేకపోతే ట్యాంకు ఎక్కడ పెడతారు, గాల్లోనా?"

షినాస్ అన్న ఒక నిమ్మకాయను అరచేతిలో దొర్లించాడు. వ్యాపారస్తుడు కదా, సరుకు పూర్తిగా కాదనడు, బేరమాడతాడు. "సరే. ట్యాంకు కింద ఎంత జాగా ఉందో, ఆ మేరకు నా వంతు ఇస్తా. సారును కొలిచి పంపమను" అన్నాడు.

నేను నవ్వుతూనే ఆ మాట మాస్టారికి రాశాను. ఆయన నవ్వలేదు. నెల తర్వాత ఉత్తరం వచ్చింది, అందులో గళ్ల కాగితం మీద స్కేలు పెట్టి గీసిన డాబా పటం, మూలన ట్యాంకు, దాని నాలుగు కాళ్లు, కాళ్ల మధ్య దూరం. కింద, "కొలతలు తీయునప్పుడు నడుము పట్టినది. వ్యయము ఎవరు భరించెదరో తెలుపగలరు" అని రాశారు. అది చలోక్తో, నిజంగానే అడిగారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇక్కడ నా సంగతి కూడా ఒప్పుకోవాలి. ఇప్పటిదాకా చెప్పింది వింటే నేనేదో మధ్యవర్తిలా కనిపిస్తాను. నిజానికి మధ్య అంతస్తు చాలా సుఖమైన చోటు. నెత్తిన వాన లేదు, కాళ్ల కింద చెమ్మ లేదు. వాళ్లిద్దరూ కొట్టుకుంటున్నంతకాలం నేను పైసా తీయనక్కర్లేదు. అప్పుడు నాకు ఒక వీసీఆర్ మీద మనసు ఉండేది. రువీలో ఒక దుకాణం అద్దంలో దాన్ని చూసి, రూముకు వచ్చి ఎక్కడ పెట్టాలో చోటు కూడా చూసుకున్నాను. డాబా తేలితే వీసీఆర్ పోతుంది. అందుకని మాస్టారు అడిగినప్పుడల్లా మా ఆఫీసు పద్ధతిలో, "మీ లేఖ అందినది. విషయము పరిశీలనలో ఉన్నది" అని జవాబు కొట్టి పంపేవాణ్ని. అలా మూడుసార్లు పంపాను. ఉత్తరం పోవడానికి రెండు వారాలు, రావడానికి రెండు వారాలు. పరిశీలన అన్న ఒక్క మాటతో ఒక వానాకాలం దాటించొచ్చు.

దాటించాం కూడా. ఆ ఏడు దర్జీ భాయ్ మాతో తక్కువగా మాట్లాడేవాడు. అంతకుముందు సమావేశం అంటే తప్పకుండా పక్క హోటల్ నుంచి సులేమానీ చాయ్ చెప్పేవాడు. ఆ ఏడు చెప్పడం మానేశాడు. మేం నిమ్మకాయలు పంచుకుని లేచిపోయేవాళ్లం.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. మత్రాలో ఎండ కొండల రాళ్లను కాల్చి, సాయంత్రం ఆ వేడిని మా మీదికే వదిలేది. ఒక శుక్రవారం మేం వాదించుకుంటుంటే దుకాణం అర్బాబ్, అంటే ఒమానీ యజమాని, లోపలికి వచ్చాడు. లైసెన్సు ఆయన పేరు మీదే ఉండేది. ముసలాయన, తెల్లగడ్డం, చేతికర్ర. మత్రా బజారులో పుట్టి పెరిగినవాడు కాబట్టి హిందీ మాకంటే బాగా మాట్లాడేవాడు. ఏమిటీ గొడవ అని అడిగాడు. దర్జీ భాయ్ చెప్పాడు. ఆయన నవ్వి, తానుల మీద మా పక్కనే కూర్చున్నాడు.

లోపలి కొండల్లో వాళ్ల ఊరికి ఒక ఫలజ్ ఉందట. కొండ మొదట్లోంచి ఊరి తోటలకు నీళ్లు తెచ్చే కాలువ. తాతలనాటిది. అందులో ఒక్కొక్కరికి ఇన్ని గంటల నీళ్లని వంతు. పైన ఎక్కడ కాలువ పూడినా, గట్టు తెగినా, అందరూ కలిసే బాగు చేయించాలి. చిట్టచివరన నాలుగు ఖర్జూరం చెట్లున్నవాడు కూడా తన వంతు ఇవ్వాలి. "పైన తెగింది, నాకేం అన్నవాడి చెట్టు ముందు ఎండుతుంది" అన్నాడు ముసలాయన.

మేమంతా షినాస్ అన్న వైపు చూశాం. ఆయన మర్యాదగా తల ఊపాడు. ముసలాయనకు వినిపించకుండా తెలుగులో నాతో, "పెద్దాయన చెప్పింది నిజమే గానప్పా, అది నీళ్లు వచ్చేదానికి కడుతున్నారు. మనం నీళ్లు రాకుండా ఉండేదానికి కట్టమంటున్నాం. లెక్క తిరగబడలా?" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. సిస్టర్ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దర్జీ భాయ్ ఒక్కడే నవ్వలేదు. ఆయన చేతిలో కత్తెర ఉంది, దాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. "వచ్చే నెల బారిష్ మొదలయితది" అన్నాడు అంతే.

వానలు మొదలయ్యాక, ఆగస్టులోనో సెప్టెంబరులోనో, దర్జీ భాయ్‌కి తెలిసిన ఒకతను సెలవు నుంచి తిరిగొస్తూ ఒక పొట్లం తెచ్చాడు. అందులో ఒక ఆడియో క్యాసెట్, మీద మాస్టారి ముత్యాల రాతలో "యజమానుల సంఘమునకు" అని. అప్పట్లో ఉత్తరాలు రాయడం రానివాళ్లు క్యాసెట్లలో మాట్లాడి పంపుకునేవాళ్లు. మాస్టారికి రాయడం రాక కాదు. రాసి రాసి విసిగిపోయారని క్యాసెట్ చూడగానే నాకర్థమైంది. మూడు "పరిశీలనలో ఉన్నది"లు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

దర్జీ భాయ్ మిషన్ పక్కన ఉండే టేపురికార్డరులో దాన్ని వేశాడు. నలుగురం చుట్టూ చేరాం.

"గౌరవనీయులైన యజమానులకు నమస్కారములు" అని మాస్టారి గొంతు వచ్చింది. నేను ఆ గొంతు వినడం అదే మొదలు. రాతను బట్టి పెద్ద గొంతు అనుకున్నాను. సన్నగా, కొంచెం దగ్గుతో ఉంది. "ఇప్పుడు నేను మెట్లు ఎక్కుచున్నాను" అన్నారు. తర్వాత చెప్పుల చప్పుడు, ఆయాసం, నడుమ నడుమ ఆగి "ఇది మధ్య అంతస్తు. కార్యదర్శి గారి ద్వారము" అన్నారు. ఆయన అక్కడ కావలసినదానికంటే ఎక్కువసేపు ఆగినట్టు నాకనిపించింది.

తర్వాత తలుపు తీసిన చప్పుడు. ఇక మాటలు లేవు. చినుకులు.

ఒకటి ఠంగుమని లోహం మీద పడుతోంది. ఒకటి నిండిన బకెట్టులో బుడుంగుమంటోంది. ఇంకొకటి దూరంగా, ప్లాస్టిక్ తొట్టిలో కాబోలు, తప్‌మంటోంది. మూడూ మూడు వేగాల్లో. ఏదో వాయిద్యాల కచేరీలా ఉంది. మొదట షినాస్ అన్న మూతి బిగించి నవ్వు ఆపుకున్నాడు. నేనూ ఆపుకున్నాను. అంతలో దర్జీ భాయ్ టేపురికార్డరు వైపు వంగి, "అది మా ఇంట్ల పెద్ద గంజు" అన్నాడు. "ఈద్‌కు బిర్యానీ ఒండేది. ఆ సప్పుడు నాకు ఎర్కే."

అప్పుడు క్యాసెట్లో ఒక చిన్నపిల్ల గొంతు వినిపించింది. "అబ్బా, బాహర్ బారిష్ రుక్ గయీ. అందర్ నై రుకీ."

నాన్నతో చెబుతోంది, బయట వాన ఆగిపోయిందట. లోపల ఆగలేదట.

దర్జీ భాయ్ కూతుర్ని చూసి రెండేళ్లు దాటింది. కొలత టేపును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. సిస్టర్ నా వైపు చూసింది. నేను బట్టల తాను మీద ధర చీటీ చదువుతున్నట్టు నటించాను.

క్యాసెట్ అయిపోయిందనుకున్నాం. ఉన్నట్టుండి ఒక ఆడమనిషి గొంతు, "ఇట్టియ్యి సారూ, అది ఇట్టియ్యి" అని. షినాస్ అన్న ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. అక్క!

"ఏమిరా, ట్యాంకు కింద జాగాకు మాత్రమే ఇస్తానన్యావంట? ఆ పెద్దాయన టేపు పట్టుకోని మిద్దె మీద వంగి కొలుస్తాంటే, నా తలకాయ యాడ పెట్టుకోవాల్నో తెలీలా. మిద్దె పైనోళ్లదే అంటివి గదా. మరి నేను ఇన్నేండ్ల నుంచి గుడ్డలు ఆరేసేది యాడ? వడియాలు పెట్టేది యాడ? ఎండాకాలం పిల్లోల్లను ఏస్కోని పండుకునేది యాడ? పైనోళ్ల మిద్దె మీదనే గదా! అయితే వాళ్లకు బాడుగ కట్టు. నెలకు ఎంతో చెప్పు, నేనే పోయి ఆ యమ్మ చేతిలో పెట్టొస్తా. నువ్వు తీస్కపోయిన ఊరమిరక్కాయలు యాడ ఎండినాయనుకుంటివి, ఆకాశంలోనా? వానొస్తే ఆ యమ్మ పిల్లోల్లను తీసుకోని మనింట్లోకి వస్తాంది. నాకు ఇబ్బందేం లే. నీకేమన్నా సిగ్గుంటే..."

అక్కడ టేపు అయిపోయింది. టక్కుమని బటన్ పైకి లేచింది.

ఆయన సిగ్గు సంగతి ఆమె ఏం చెప్పబోయిందో మాకెప్పటికీ తెలియలేదు. షినాస్ అన్న మొహం చూడాలి. రోజూ వంద మందితో బేరాలాడే మనిషి, ఆగిపోయిన టేపురికార్డరుకు తల ఊపుతున్నాడు. సిస్టర్ ముందు నవ్వింది. తర్వాత నేను. తర్వాత దర్జీ భాయ్ కూడా కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. ఆ దుకాణంలో ఏడాది తర్వాత ఆయన నవ్వడం అదే.

"వెనక్కి తిప్పప్పా" అన్నాడు షినాస్ అన్న.

"ఏంది, సప్పుడు మళ్ల ఇంటవా?" అన్నాడు దర్జీ భాయ్.

"సప్పుడు కాదు. అక్క మాట్లాడింది ఇంగోసారి ఏయి. ఆమె గొంతు విని ఏడాదిన్నరాయ."

తిప్పి వేశాం. ఆయన తల వంచుకుని, తిట్లన్నీ మొదటినుంచి చివరిదాకా, పాట వింటున్నట్టు విన్నాడు. అయిపోయాక లేచి, "రాసుకో సెక్రెటరీ. మా అక్క ఉండేది వగైరాలోనే. మిద్దె అందరిది" అన్నాడు.

నేను రాసుకున్నాను. నా వాటా అందరికంటే ముందు నేనే ఇచ్చాను. అది ఔదార్యం అని వాళ్లు మెచ్చుకుంటుంటే ఎక్కడ చూడాలో తెలియలేదు. వీసీఆర్ ఆ దుకాణం అద్దంలోనే ఇంకో ఏడాది ఉండి, ఎవరింటికో వెళ్లిపోయింది.

తాళం వేసుకున్న బిల్డర్ తన వాటా ఇవ్వనన్నాడు. "నేను అందులో ఉండట్లేదు కదా" అన్నాడట. మాస్టారు ఆయన ఇంటికి ఆరుసార్లు తిరిగారు. ఆరోసారి వాళ్ల కుక్క తరిమిందట. బొమ్మలో దొరసాని చేతిలో ఉన్నది ఆ కుక్కేనేమో అని సిస్టర్ అంది. ఆ వాటాను ఐదుగురం పంచుకున్నాం. ఆయన ఆ ఫ్లాటు అమ్ముకునేటప్పుడు మాత్రం మాస్టారు కొనేవాళ్ల ముందు ఆ సంగతి విప్పి, పైసాతో సహా వసూలు చేశారు.

పని ఎవరు చేయిస్తారన్నది తర్వాతి ప్రశ్న. ఆ చలికాలంలో సిస్టర్ సెలవుకు వెళ్తోంది. గుంటూరుకు పోయేముందు పదిరోజులు హైదరాబాదులో ఉంటానంది. ఆమె అక్కడినుంచి రాసిన ఉత్తరాలు తర్వాత అందాక మేం ముగ్గురం కలిసి చదువుకున్నాం. మేస్త్రీ పగుళ్ల మీద సిమెంటు పూసి పోదామనుకున్నాడట. ఈమె కుర్చీ వేయించుకుని డాబా మీదే కూర్చుని, "కట్టు విప్పకుండా పుండు మీద కొత్త కట్టు కడితే లోపల కుళ్లదా?" అని పాత పూత అంతా గీకించిందట. మాస్టారు పట్టుబట్టి సున్నంలో బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ కలిపించారట. షినాస్ అన్న అక్క బెల్లం కొట్టిచ్చి, కూలీలకు అన్నం వండిపెట్టిందట. దర్జీ భాయ్ భార్య చాయ్ పంపిందట. ఆ ముగ్గురు ఆడవాళ్లలో ఎవరూ మా ఒప్పందపత్రంలో నాలుగో పేజీ ఊసే ఎత్తలేదు. మూడు వారాల్లో చేయాల్సిన పని వారంలో అయిపోయింది.

చివరిరోజు డాబా మీద చుట్టూ గట్టు కట్టి, నీళ్లు నింపి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచారు. మేం ముగ్గురం ఇక్కడ దుకాణంలో ఫోను పక్కన కూర్చున్నాం. షినాస్ అన్న ఆ నెల సరుకుల వంకతో ఒక రోజు ముందే వచ్చాడు. ఫోను మోగింది. దర్జీ భాయ్ ఎత్తాడు. అటునుంచి సిస్టర్ కేకలు మాకు కూడా వినిపించాయి.

"చుక్క లేదండీ! ఒక్క చుక్క లేదు! అన్నయ్య గారి అక్కగారు పొద్దున్నుంచి మీ ఇంట్లోనే సీలింగు కేసి చూస్తూ కూర్చున్నారు, మెడ పట్టేసింది!"

నిమిషానికి ఇంత అని బిల్లు పడే రోజులు, అయినా దర్జీ భాయ్ ఫోను పెట్టలేదు. కూతుర్ని పిలవమన్నాడు. మేమిద్దరం షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చి, రేవు వైపు నడుచుకుంటూ పోయి, ఒడ్డున గోడ మీద కూర్చున్నాం. చేపల పడవలు ఊగుతున్నాయి. షినాస్ అన్న వాటిని చూస్తూ, "నీళ్లు ఆడ నిలబెట్టినా పడలేదంటే, గట్టిగా కట్టినారప్పా" అన్నాడు. తాను స్వయంగా కట్టినంత గర్వంగా.

ఆ వారం నేను ఆఫీసు అయ్యాక కూర్చుని కొత్త ఒప్పందం టైపు చేశాను. వగైరా తీసేశాను. దాని చోట అందరూ కలిసి చెప్పినవన్నీ పెట్టాను. డాబా, ట్యాంకు, గొట్టాలు, మురుగు కాలువ, మీటర్ల పెట్టె, మెట్ల మీది బల్బు. రెండు పేజీలైంది. మాస్టారికి పంపితే, ఆయన తప్పులు దిద్ది, చివర "వగైరా" అని తన ముత్యాల రాతతో చేర్చి వెనక్కి పంపారు. ఎందుకు సార్ అని రాస్తే, "లోకములో ఉన్నవన్నియు మనకు తెలియవు కదా" అని జవాబిచ్చారు.

ఒక మాట మాత్రం నా గొంతులో ఉండిపోయింది. ఒక సాయంత్రం రుసైల్ నుంచి షేర్ ట్యాక్సీలో రువీ వచ్చి, అక్కణ్నుంచి మత్రా పోయాను. దర్జీ భాయ్ ఒంటరిగా కాజాలు కుడుతున్నాడు. కూర్చుని, ఆ మూడు ఉత్తరాల గురించీ, పరిశీలన గురించీ, వీసీఆర్ గురించీ అంతా చెప్పేశాను. "నా మూలంగానే భాయ్, ఒక వానాకాలం ఎక్కువ తడిసిన్రు మీవాళ్లు" అన్నాను.

ఆయన సూది ఆపలేదు. "ఎర్కే" అన్నాడు.

"ఎట్ల?"

"మాస్టర్ సాబ్ నాకు కూడా రాస్తుండె. పరిశీలన పరిశీలన అంటున్నడు మీ సెక్రెటరీ, ఏం పరిశీలిస్తున్నడు అని."

నేను కిందపడ్డ దారం ముక్కలు ఏరడం మొదలుపెట్టాను. ఆయనే సూది గుచ్చి పక్కన పెట్టి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"నేను కూడా ఒక మాట చెప్త. నువ్వు ఎవ్వరికి చెప్పొద్దు. కొనేటప్పుడు బిల్డర్ నాకు మీ అందరికంటె తక్కువకు ఇచ్చిండు. ఎందుకో తెల్సా? పైన ఎండ, పైన వాన, నీదే పూచీ, ఏమన్నా అయితె నువ్వే చూసుకోవాలె అని. నేను సరే అన్న."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన మొహం చూశాను. ఆయన నా మొహం చూశాడు. ఇద్దరికీ ఒక్కసారే నవ్వు పొంగింది. ఆయన టేపు మెడలోంచి జారి కిందపడింది.

"కాగితం ఉందా?" అన్నాను.

"నై. జబానీ బాత్. నోటి మాటే."

"షినాస్ అన్నకు చెప్పాల్నా?"

"అరె, చెప్తే మళ్ల డాబా కొలిపిస్తడు. మాస్టర్ సాబ్ నడుము ఏమైతది?"

మరుసటి శుక్రవారం షినాస్ అన్న నిమ్మకాయల సంచితో వచ్చాడు. సంపు మోటారు గురించి మాట్లాడాలి ఆ రోజు, సిస్టర్ కూడా సెలవు నుంచి తిరిగొచ్చింది. దర్జీ భాయ్, నేను పక్కపక్కనే కూర్చుని, ఎంత వద్దనుకున్నా ఒకరినొకరం చూసి మూతులు బిగించుకుంటున్నాం. ఆయన సంచి దించి మా ఇద్దర్నీ కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏందప్పా ఇద్దరూ పెండ్లికొడుకుల మాదిరి ముసిముసి నవ్వులు?"

"ఏం లేదన్నా" అన్నాను.

దర్జీ భాయ్ లేచి, షట్టరు కింది నుంచి తల బయటపెట్టి, నాలుగు సులేమానీ చాయ్ చెప్పాడు.